పీఎఫ్ ట్రస్టీలకు శిక్షణను చట్టంలోనే తప్పనిసరి చేయాలి

సంపాదకులు గారికి,

ఉద్యోగుల భవిష్య నిధి (ఈపీఎఫ్)పై వడ్డీ రేటు ఖరారైన ప్రతిసారీ ఆ అంకె పత్రికల మొదటి పేజీకి ఎక్కుతుంది. 2021–22కి 8.1 శాతమన్నప్పుడు నాలుగు దశాబ్దాల్లో ఇంత తక్కువ ఎన్నడూ లేదని బాధపడ్డాం, 2023–24కి 8.25 శాతమన్నప్పుడు కాస్త ఊపిరి పీల్చుకున్నాం. అయితే ఆ అంకెను సిఫార్సు చేసే కేంద్ర ధర్మకర్తల (ట్రస్టీల) మండలి సభ్యులు ఆ పనికి కావలసిన విషయాలను ఎక్కడ నేర్చుకున్నారు, నియామకం తరువాత వారికి ఎవరైనా ఏమైనా నేర్పారా అని ఎవరూ అడగగా నేను వినలేదు. ఏడు కోట్ల మందికి పైగా చందాదారుల వృద్ధాప్యపు భరోసా, ఇరవై లక్షల కోట్ల రూపాయలకు పైబడిన నిధి ఆ మండలి చేతుల్లో ఉన్నప్పుడు ఆ ప్రశ్న అడగవలసిందేనని, దానికి జవాబు చట్టంలోనే ఉండాలని నా అభిప్రాయం.

మండలిలో ఎవరెవరు ఉండాలో 1952 నాటి ఈపీఎఫ్ చట్టం 5ఎ సెక్షన్ చెప్పింది. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కేంద్ర ప్రభుత్వం తరఫున అయిదుగురికి మించకుండా, రాష్ట్రాల తరఫున పదిహేను మందికి మించకుండా ప్రతినిధులు, యాజమాన్య సంఘాల నుంచి పదిమంది, కార్మిక సంఘాల నుంచి పదిమంది, వీరికి తోడు హోదా రీత్యా కేంద్ర భవిష్య నిధి కమిషనర్. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ కూడా ఈ కూర్పును దాదాపు అలాగే ఉంచింది. ఇక ఎవరు ఉండకూడదో ఈపీఎఫ్ పథకం ఎనిమిదో పేరా చెబుతుంది: మతిస్థిమితం లేదని కోర్టు తేల్చినవారు, దివాలా తీసినవారు, నైతిక పతనంతో కూడిన నేరానికి శిక్ష పడినవారు, పీఎఫ్ బకాయిలు చెల్లించని యజమానులు అనర్హులు. అనర్హతల జాబితా ఇంత వివరంగా రాసినవారు, సభ్యుడికి ఏం తెలిసి ఉండాలో, తెలియకపోతే ఎంతకాలంలో నేర్చుకోవాలో చెప్పే ఒక్క వాక్యం కూడా అందులో చేర్చలేదు.

మన దేశంలోనే ఇతర చట్టాలు ఇంత ఉదాసీనంగా లేవు. బ్యాంకింగ్ నియంత్రణ చట్టం 10ఎ సెక్షన్ ప్రకారం బ్యాంకు బోర్డులో కనీసం 51 శాతం మందికి అకౌంటెన్సీ, వ్యవసాయం, బ్యాంకింగ్, సహకారం, ఆర్థిక శాస్త్రం, న్యాయం వంటి రంగాల్లో ప్రత్యేక పరిజ్ఞానమో ఆచరణలో అనుభవమో ఉండాలి. కంపెనీల్లో స్వతంత్ర డైరెక్టర్లుగా ఉండదలచినవారు, కొందరు అనుభవజ్ఞులకు మినహాయింపు ఉన్నా, 2019 డిసెంబర్ నుంచి వచ్చిన నిబంధన ప్రకారం జాబితాలో పేరు నమోదు చేయించుకుని ఆన్‌లైన్ పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. జాతీయ పింఛను పథకాన్ని నియంత్రించే పీఎఫ్‌ఆర్‌డీఏ సభ్యుల ఎంపికలో ఆర్థిక శాస్త్రం, ఫైనాన్స్, న్యాయం తెలిసినవారు ఒక్కొక్కరైనా ఉండాలని 2013 నాటి చట్టం పట్టుబట్టింది. వాటాదారుల డబ్బుకు ఇన్ని కట్టుబాట్లు ఉన్నప్పుడు, నెలనెలా జీతం నుంచి కోత పడే కార్మికుడి డబ్బుకు ఏ కట్టుబాటూ లేకపోవడం న్యాయం కాదు.

ఇంత చెప్పిన తరువాత, ధర్మకర్తలకు డిగ్రీలు తప్పనిసరి చేయమని నేను కోరుతున్నానని ఎవరైనా అనుకోవచ్చు. నేను కోరేది అది కాదు. అలాంటి ప్రతిపాదన వస్తే గట్టిగా వ్యతిరేకిస్తాను. విద్యార్హత పేరుతో తలుపు మూస్తే మొదట బయట పడేది కార్మిక ప్రతినిధి. మగ్గం దగ్గరో, బాయిలర్ దగ్గరో ఇరవై ఏళ్లు పనిచేసి తోటివారి నమ్మకం సంపాదించిన మనిషికి, పింఛను ఆలస్యమైతే ఇంట్లో ఏం జరుగుతుందో ఏ చార్టర్డ్ అకౌంటెంటు కన్నా బాగా తెలుసు. బోర్డుకు ఆ అనుభవం కావాలి. కనుక సీటు ఎవరికైనా తెరిచే ఉండాలి. సీటులో కూర్చున్నాక నేర్చుకోవడం మాత్రం ఎవరికీ ఐచ్ఛికం కాకూడదు. మంత్రిత్వ శాఖ కార్యదర్శికైనా, పారిశ్రామికవేత్తకైనా, సంఘం నాయకుడికైనా ఒకటే నియమం ఉండాలి. ప్రభుత్వ ప్రతినిధులను ఇక్కడ ప్రత్యేకంగా ప్రస్తావిస్తున్నాను, ఎందుకంటే బదిలీల వల్ల వారి స్థానంలో మనుషులు మారుతూనే ఉంటారు, కొత్తగా వచ్చిన అధికారికి పింఛను నిధుల సంగతి అంతకుముందే తెలిసి ఉంటుందని అనుకోవడానికి ఆధారమేమీ లేదు.

నేను పనిచేసిన సంస్థకు ఈపీఎఫ్ నుంచి మినహాయింపు పొందిన సొంత పీఎఫ్ ట్రస్టు ఉండేది, కార్మికులు ఎన్నుకున్న ట్రస్టీగా నేనూ ఒక పర్యాయం అందులో ఉన్నాను. సమావేశం రేపనగా సాయంత్రం ఎజెండా కాగితాలు చేతికి వచ్చేవి. అన్నీ ఇంగ్లీషులో, పెట్టుబడుల పట్టికలతో నిండి ఉండేవి. పట్టికలో కొన్న ధర ఒక వరుసలో, మార్కెట్ విలువ మరో వరుసలో, రాబడి శాతం ఇంకో వరుసలో ఉండేది. ఆ రాబడి బాండు గడువు తీరేదాకా ఉంచుకుంటే వచ్చేదా, ఈ ఏడాది చేతికి అందినదా అన్నది కింద చిన్న అక్షరాల్లో ఉండేది, కొన్నిసార్లు అదీ ఉండేది కాదు. యాజమాన్యం వైపు కూర్చున్న ఫైనాన్స్ అధికారి పదిహేను నిమిషాల్లో అంతా చదివేసి ‘ఆమోదమే కదా’ అనేవారు. కార్మికుల వైపున్న మేము సెలవుల గురించో, అడ్వాన్సుల మంజూరులో జాప్యం గురించో గంటసేపు వాదించగలిగేవాళ్లం; పెట్టుబడుల అంశం రాగానే గదిలో మాట్లాడేది ఒక్కరే. చట్టం ఇరుపక్షాలకూ సమాన సంఖ్యలో సీట్లు ఇచ్చింది, కానీ తెలిసినవారికీ తెలియనివారికీ మధ్య ఓట్లు సమానమైనా మాట సమానం కాదు. శిక్షణ కార్మిక ప్రతినిధిపై పెట్టే ఆంక్ష అనుకునేవారు ఈ సంగతి ఆలోచించాలి. అది అతనికి దక్కవలసిన హక్కు.

ఏం నేర్పాలన్నది పెద్ద చిక్కు ప్రశ్న కాదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, మన దగ్గర అన్నిటికన్నా తక్కువ మందికి తెలిసినది, ముందు ముందు చెల్లించవలసిన పింఛన్లకు నిధి చాలుతుందా అని లెక్కకట్టే మదింపు నివేదికను చదవడం. ఇరవై ఏళ్ల తరువాత ఒకరికి లక్ష రూపాయలు చెల్లించవలసి ఉందనుకుందాం. ఈరోజు పక్కన పెట్టే డబ్బు ఏటా 8 శాతం చొప్పున పెరుగుతుందని అనుకుంటే 21,455 రూపాయలు చాలు. 7 శాతమే పెరుగుతుందనుకుంటే 25,842 రూపాయలు కావాలి. ఒక్క శాతం ఊహ మారితే ఇప్పుడు కావలసిన సొమ్ము అయిదో వంతు పెరిగింది; ఈ మధ్యలో కొత్తగా ఒక్క పింఛనుదారు చేరలేదు, ఒక్క పెట్టుబడి మునగలేదు. నివేదికలో ‘లోటు’ అని కనిపించే అంకెలో ఎంత భాగం నిజంగా డబ్బు తక్కువై వచ్చినది, ఎంత భాగం యాక్చువరీ (పింఛను, బీమా లెక్కలు కట్టే నిపుణుడు) ఎంచుకున్న ఊహల వల్ల వచ్చినది అన్న విడమరపు ఇందుకే అవసరం. ఆయుర్దాయం ఎంతని లెక్కించారు, జీతాలు ఏ వేగంతో పెరుగుతాయని అనుకున్నారు, ఉద్యోగం మధ్యలో మానేసేవారు ఎందరని అనుకున్నారు అన్న ప్రశ్నలూ అలాంటివే.

ఈపీఎస్–95 (1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం) పింఛనుదారులకు ఈ లెక్క దూరపు సంగతి కాదు. 2014 సెప్టెంబర్ నుంచి కనీస పింఛను వెయ్యి రూపాయల దగ్గరే ఉంది. దాన్ని 7,500 చేయాలని పింఛనుదారులు ఏళ్ల తరబడి ధర్నాలు చేస్తున్నారు. ప్రతిసారీ వచ్చే సమాధానం ఒక్కటే: మదింపులో నిధి లోటులో ఉంది. ఆ మదింపును కేంద్ర ప్రభుత్వం నియమించిన నిపుణుడు ఏటా చేయాలని పథకమే చెబుతోంది. లోటు నిజమే కావచ్చు, కనీస పింఛను పెంచాలంటే ప్రభుత్వం జీతంపై చెల్లించే తన 1.16 శాతం వాటాను పెంచక తప్పకపోవచ్చు. కానీ ఆ వాదన నివేదికలోని పేజీల మీద జరగాలి. మండలిలో మన తరఫున కూర్చున్నవారు ఆ పేజీలు తిప్పి ‘ఈ ఊహను ఒక్క అర శాతం మార్చి చూపండి’ అని అడగగలిగితే, వీధిలో ధర్నా చేసే డెబ్బై ఏళ్ల మనిషికి అంతకన్నా పెద్ద సాయం ఉండదు.

రెండోది పెట్టుబడుల సంగతి. ఒకప్పుడు పీఎఫ్ డబ్బంటే దాదాపుగా ప్రభుత్వ బాండ్లు, ప్రభుత్వరంగ సంస్థల బాండ్లు. 2015 ఆగస్టులో కొత్త జమల్లో 5 శాతాన్ని ఈటీఎఫ్‌ల (షేర్ సూచీని అనుసరించే నిధుల) ద్వారా షేర్ మార్కెట్‌లో పెట్టడం మొదలైంది, తరువాత రెండేళ్లలోనే అది 10, ఆపై 15 శాతానికి చేరింది. ఆ నిర్ణయాన్ని నేను తప్పుపట్టడం లేదు. అయితే ఆ రోజు నుంచి ధర్మకర్త పని స్వభావమే మారిపోయింది, అందుకు తగ్గట్టు ధర్మకర్త తయారీ మారలేదు. బాండ్లకు ఇచ్చే రేటింగుల మీద ఎంతవరకు ఆధారపడవచ్చో 2018లో దేశమంతా చూసింది. మౌలిక సదుపాయాల ఫైనాన్స్ సంస్థ ఐఎల్‌అండ్‌ఎఫ్‌ఎస్‌కు అత్యున్నత శ్రేణిలో ఉన్న రేటింగు కొద్ది వారాల్లోనే ఎగవేతను సూచించే ‘డి’కి పడిపోయింది, 2019 జూన్‌లో గృహరుణ సంస్థ డీహెచ్‌ఎఫ్‌ఎల్‌దీ అదే గతి అయింది.

డీహెచ్‌ఎఫ్‌ఎల్ పేరు ఎత్తితే ఉత్తరప్రదేశ్ విద్యుత్ ఉద్యోగుల విషాదం గుర్తుకు రాకమానదు. ఆ రాష్ట్ర విద్యుత్ సంస్థల ఉద్యోగుల భవిష్య నిధి ట్రస్టు 2017 మార్చి నుంచి 2018 డిసెంబర్ దాకా నాలుగు వేల కోట్ల రూపాయలకు పైగా సొమ్మును ఆ ఒక్క ప్రైవేటు గృహరుణ సంస్థలో డిపాజిట్ చేసింది. 2019లో ఆ సంస్థ చెల్లింపులు ఆగిపోయేసరికి రెండు వేల కోట్లకు పైగా అందులోనే చిక్కుకుపోయింది. అరెస్టులు జరిగాయి, కేసు సీబీఐకి వెళ్లింది. అక్కడ ఆరోపణలు అవినీతికి సంబంధించినవి, శిక్షణ ఉంటే అవినీతి జరగదని నేను చెప్పను. కానీ ఒకే ప్రైవేటు సంస్థలో ఇంత సొమ్మా అని, ఏ నిబంధన కింద పెట్టారని అడగడం తెలిసిన నలుగురు ట్రస్టు గదిలో ఉంటే అలాంటి పని ఇరవై నెలలపాటు నిరాటంకంగా సాగడం కష్టం. ఇలాంటి ట్రస్టులు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. మినహాయింపు పొందిన సంస్థల్లో నష్టాన్ని యాజమాన్యమే పూడ్చాలన్న షరతు ఉన్న మాట నిజం. ఆ యాజమాన్యమే దివాలా తీస్తే ఆ షరతు ఎంతవరకు ఆదుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు. సింగరేణి కార్మికుల డబ్బు చూసే బొగ్గు గనుల భవిష్య నిధికీ ప్రత్యేక చట్టం, ప్రత్యేక ధర్మకర్తల బోర్డు ఉన్నాయి. నేను కోరుతున్న నియమం ఒక్క ఈపీఎఫ్ మండలికే కాక వీటన్నిటికీ వర్తించాలి.

ఈ మార్గంలో మనకన్నా ముందు నడిచినవారు ఉన్నారు. బ్రిటన్‌లో 1991లో రాబర్ట్ మాక్స్‌వెల్ మరణానంతరం ఆయన కంపెనీల పింఛను నిధుల్లోంచి 40 కోట్ల పౌండ్లకు పైగా మాయమైనట్టు బయటపడింది. పదేళ్ల తరువాత, 2001లో, అక్కడి ఆర్థిక శాఖ కోసం పాల్ మైనర్స్ ఇచ్చిన నివేదిక ట్రస్టీల్లో 62 శాతం మందికి ఫైనాన్స్‌లో గానీ పెట్టుబడుల్లో గానీ వృత్తిపరమైన అర్హత లేదని, సగం మందికి పైగా ట్రస్టీలైనప్పుడు మూడు రోజుల శిక్షణ కూడా పొందలేదని తేల్చింది. 2004 నాటి పింఛన్ల చట్టం ప్రతి ట్రస్టీకీ తన పథకం పత్రాలు క్షుణ్ణంగా తెలిసి ఉండాలని, పింఛను చట్టం, నిధి సమీకరణ, పెట్టుబడుల సూత్రాలపై అవగాహన ఉండాలని విధించింది. కొత్త ట్రస్టీలకు ఆరు నెలల గడువు ఇచ్చి, నియంత్రణ సంస్థే ఉచితంగా ఆన్‌లైన్ పాఠాలు నడుపుతోంది. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో ప్రభుత్వ పింఛను బోర్డుల సభ్యులు మొదటి ఏడాదిలో 7 గంటల ప్రాథమిక శిక్షణ, ఆ తరువాత ప్రతి రెండేళ్లకూ 4 గంటల శిక్షణ పొందాలి. విశ్వాసపాత్ర బాధ్యతలు, పాలన, నీతి నియమాలు, పెట్టుబడులు, యాక్చువరీ లెక్కలు, చెల్లింపుల నిర్వహణ, నష్టభయం అంచనా అందులో పాఠ్యాంశాలు. కాలిఫోర్నియా కౌంటీల పింఛను బోర్డుల్లోనైతే రెండేళ్లకు 24 గంటలు. టెక్సస్‌వారు పెట్టిన ఏడు గంటలు నా దృష్టిలో చాలా తక్కువ. అయినా మన దగ్గర ఆ ఏడు గంటలు కూడా లేవు.

దీనికి ఎదురయ్యే అభ్యంతరం ఒకటి నాకు తెలుసు. బోర్డుకు సలహాదారులు, ఫండ్ మేనేజర్లు, ఆడిటర్లు ఉన్నారు కదా, సభ్యులకు ఇదంతా ఎందుకని అంటారు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర ప్రభుత్వ పాఠశాల ఉద్యోగుల పింఛను నిధి అనుభవం ఈ ప్రశ్నకు సమాధానం చెబుతుంది. నిధి సగటు రాబడి 6.36 శాతం కన్నా తగ్గితే 2011 తరువాత చేరిన ఉద్యోగుల జీతం నుంచి పింఛను నిధికి పడే కోత పెంచాలని అక్కడి చట్టం. 2020 డిసెంబర్‌లో బోర్డు ఆ రాబడిని 6.38 శాతంగా ధ్రువీకరించింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కొన్ని నెలలకే లెక్క తప్పని తేలింది. అసలు రాబడి 6.34 శాతం. సుమారు లక్ష మంది ఉపాధ్యాయులు, పాఠశాల సిబ్బంది జీతాల నుంచి అదనపు కోత మొదలైంది. అక్కడ సలహాదారులకు కొదవ లేదు, లెక్క వారి దగ్గరి నుంచే వచ్చింది. గట్టెక్కామా లేదా అన్నది 0.02 శాతం మీద ఆధారపడినప్పుడు, దీన్ని స్వతంత్రంగా ఎవరు సరిచూశారని ఓటు వేయకముందే అడగడం ధర్మకర్త పని. సలహా తీసుకోవచ్చు, బాధ్యతను మాత్రం సలహాదారుకు అప్పగించలేం. సామాన్య వివేకం గల మనిషి తన సొంత ఆస్తిని ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో ట్రస్టు ఆస్తినీ అంత జాగ్రత్తగా చూడాలని 1882 నాటి భారత ట్రస్టుల చట్టం 15వ సెక్షన్ ఏనాడో చెప్పింది. సొంత ఆస్తి కాగితాలు చదవకుండా సంతకం చేసేవాడిని వివేకవంతుడని ఎవరూ అనరు.

ఎవరు నేర్పాలన్నది కూడా తేలికగా వదిలేసే విషయం కాదు. నిధుల వ్యాపారం ఆశించే మ్యూచువల్ ఫండ్ కంపెనీలు, బ్రోకింగ్ సంస్థలు ‘అవగాహన సదస్సులు’ నిర్వహించి ట్రస్టీలను పెద్ద హోటళ్లకు పిలిచే పద్ధతికి చట్టబద్ధమైన శిక్షణలో చోటు ఉండకూడదు. నిధి నుంచి రుసుము తీసుకునేవారి పాఠానికి గంటల లెక్క కట్టకూడదు. ఉద్యోగుల భవిష్య నిధి సంస్థ (ఈపీఎఫ్‌ఓ)కు ఢిల్లీలో పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జాతీయ సామాజిక భద్రతా అకాడమీ ఉంది, చట్టం, చెల్లింపుల సంగతులు అక్కడ నేర్పవచ్చు. కానీ ఏ అధికారుల పనిని మండలి పర్యవేక్షించాలో ఆ అధికారుల సంస్థే మొత్తం శిక్షణ ఇవ్వడం సబబు కాదు. యాక్చువరీ పాఠాలకు భారత యాక్చువరీల సంస్థ, పెట్టుబడుల పాఠాలకు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నెలకొల్పిన విద్యాసంస్థ ఎన్‌ఐఎస్‌ఎం, కార్మికులకు అర్థమయ్యేలా బోధించడంలో 1958 నుంచి అనుభవమున్న కార్మిక విద్యా బోర్డు ఉన్నాయి. పాఠాలు భారతీయ భాషలన్నిటిలో ఉండాలి, తెలుగులో తప్పకుండా ఉండాలి. ఇంగ్లీషు రాకపోవడం ఎవరికీ అనర్హత కానప్పుడు, ఇంగ్లీషు పాఠం మాత్రమే ఇచ్చి నేర్చుకోలేదని నిందించడం అన్యాయం.

శిక్షణకు హాజరైతే సరిపోదు, పూర్తి చేయనివారి విషయంలో ఏదో ఒక పర్యవసానం ఉండాలి. సభ్యత్వం రద్దు చేయమని నేను అనను, ఎందుకంటే ఇష్టం లేని ప్రతినిధిని తొలగించడానికి ప్రభుత్వాలు దాన్ని సాకుగా వాడుకునే ప్రమాదం ఉంది. నియమితుడైన ఏడాదిలోగా ప్రాథమిక శిక్షణ పూర్తి చేయని సభ్యుడికి పెట్టుబడులు, వడ్డీ రేటు, మదింపు అంశాలపై ఓటు నిలిపివేయడం, ఆర్థిక, పెట్టుబడి, ఆడిట్ కమిటీలో స్థానం ఇవ్వకపోవడం చాలు. ఎవరు ఎన్ని గంటల శిక్షణ, ఎవరి దగ్గర, ఏ అంశంలో పొందారో సభ్యుడి పేరు పక్కనే ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో ఉంచాలి. ఎజెండా కాగితాలు కనీసం పదిహేను రోజుల ముందు అందాలన్న నియమం కూడా దీంతోపాటే రావాలి; చదవడం నేర్పి, చదవడానికి సమయం ఇవ్వకపోతే ఆ శిక్షణ కాగితం మీదే మిగులుతుంది.

సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది కనుక పాత చట్టం కింద ఉన్న పథకాలను కొత్త కోడ్ కింద తిరగరాయవలసి ఉంది. శిక్షణ నిబంధనను పథకంలోనే చేర్చవచ్చు, పార్లమెంటు చట్టాన్ని సవరించేదాకా ఆగనక్కరలేదు. కేంద్ర కార్మిక శాఖ ముసాయిదాలను ప్రజల ముందు ఉంచినప్పుడు తెలుగు రాష్ట్రాల కార్మిక సంఘాలు, యాజమాన్య సంఘాలు, ఈపీఎస్–95 పింఛనుదారుల సంఘాలు ఈ ఒక్క నిబంధన కోసం రాతపూర్వకంగా సూచనలు పంపాలని, మన ఎంపీలు కార్మిక శాఖ స్థాయీ సంఘంలో ఈ అంశాన్ని లేవనెత్తాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మండలిలో ఇప్పుడు ఉన్న కార్మిక ప్రతినిధులు ఆ నియమం వచ్చేదాకా వేచి ఉండకుండా, తాజా మదింపు నివేదికను తెలుగుతో సహా అన్ని భాషల్లో ఇప్పించమని, దాన్ని వివరించడానికి స్వతంత్ర యాక్చువరీని పిలిపించమని వచ్చే సమావేశంలోనే తీర్మానం ప్రవేశపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక పీఎఫ్ పింఛనుదారు